సౌర వికిరణ కొలత: ఎండను అంకెల్లోకి దించే పని

ఒక చోట, ఒక వేళప్పుడు నేల మీద ఎంత సౌరశక్తి పడుతోందో పరికరాలతో కొలిచి, ఆ కొలతలను నిమిషాలవారీగా నమోదు చేసి, తప్పులు ఏరి, ఇతరులు వాడుకోదగ్గ పట్టికలుగా మార్చే పనిని సౌర వికిరణ డేటా సేకరణ, శుద్ధి అంటారు. ఎండను అడ్డుకునేవీ చెదరగొట్టేవీ గాలిలోనే ఉంటాయి కాబట్టి ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి వేగం, ధూళి, నీటి ఆవిరి వంటివాటిని కూడా పక్కనే కొలుస్తారు. సౌర విద్యుత్ కేంద్రాల రూపకల్పన, పంటల నీటి అవసరాల లెక్క, వాతావరణ అంచనాలు, భూగోళ ఉష్ణ సమతుల్యత అధ్యయనం అన్నీ ఈ డేటా మీదే ఆధారపడ్డాయి.

వాన కొలవడానికి ఒక గరాటు, ఒక సీసా, ఒక కొలగాజు ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. ఎండ అలా పాత్రలో పట్టుబడదు. దాన్ని ముందు వేడిగా, ఆ వేడిని వోల్టేజీగా, ఆ వోల్టేజీని అంకెగా మార్చాలి. ఈ మూడు మెట్లలో ఎక్కడ కాలు జారినా చివర వచ్చే అంకె మాత్రం నిబ్బరంగానే కనబడుతుంది. ఈ రంగంలో కనిపించే చాదస్తమంతా అక్కడి నుంచి పుట్టిందే.

కొలిచేది ఏమిటి

వాతావరణం పైఅంచున సూర్యుడికి ఎదురుగా పట్టిన ఒక చదరపు మీటరు మీద సగటున 1361 వాట్ల శక్తి పడుతుంది. దీనికి సౌర స్థిరాంకమని పేరు. భూమి కక్ష్య కాస్త సాగిన వృత్తం కావడంతో పైఅంచున పడే శక్తి జనవరి మొదటి వారంలో 1407 వాట్ల దగ్గరికి పెరుగుతుంది, జూలై మొదటి వారంలో 1316 దగ్గరికి దిగుతుంది. సంక్రాంతి చలిలో సూర్యుడు మనకు దగ్గరగా, ఆషాఢంలో దూరంగా ఉంటాడన్న మాట. చలికీ వేడికీ అసలు కారణం ఈ దూరం కాదని, భూమి అక్షం వాలు అని బడిలో చదువుకున్నదే.

నేలకు చేరేసరికి ఈ శక్తి రెండు దారులు పడుతుంది. సూర్యబింబం నుంచి సూటిగా వచ్చేది నేరు వికిరణం. గాలి అణువులు, ధూళి, మబ్బులు చెదరగొట్టగా ఆకాశం నలుమూలల నుంచి వచ్చేది చెదిరిన వికిరణం. మబ్బు పట్టిన రోజు మనిషికి నీడ పడకపోయినా పుస్తకం చదవగలిగేంత వెలుగు ఉండటానికి కారణం ఈ రెండోదే. బల్లపరుపు తలం మీద రెండూ కలిసి పడేది మొత్తం వికిరణం. పరిశ్రమలో వీటిని వరసగా డీఎన్ఐ, డీహెచ్ఐ, జీహెచ్ఐ అని పొడి అక్షరాలతో పిలుస్తారు. మూడింటినీ కలిపే సూత్రం చిన్నదే: నేరు వికిరణాన్ని, సూర్యుడు నడినెత్తి నుంచి ఎంత వాలి ఉన్నాడో ఆ కోణపు కొసైన్‌తో గుణించి, దానికి చెదిరిన వికిరణం కలిపితే మొత్తం వికిరణం రావాలి. శుద్ధి పనిలో సగం ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

ఆకాశం నిర్మలంగా ఉన్న వేసవి మధ్యాహ్నం మన ప్రాంతంలో బల్లపరుపు తలం మీద చదరపు మీటరుకు 1000 వాట్ల దాకా పడుతుంది. హైదరాబాదులో ఏటా మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు వస్తువుల నీడ మాయమవుతుంది. ఈ రెంటిలో మే నెల ఎండే పరికరంలో ఎక్కువగా నమోదవుతుంది. ఆగస్టులో రుతుపవనాల మబ్బులు అడ్డం. ఒక్కోసారి విడివిడి తెల్లమబ్బుల అంచులు అద్దంలా పనిచేసి వెలుగును కిందికి మళ్లిస్తాయి. అప్పుడు కొన్ని క్షణాలపాటు నేల మీది విలువ సౌర స్థిరాంకాన్ని కూడా మించిపోతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు అది పరికరం లోపమనుకుని ఆ విలువలు కొట్టేయడం పరిపాటి.

కాలిన కాగితం నుంచి దావోస్ దాకా

ఎండ తీవ్రతను అంకెల్లో చెప్పడానికి తొలి గట్టి ప్రయత్నం ఫ్రెంచి భౌతికవేత్త క్లోడ్ పూయే 1830లలో చేశాడు. నల్లరంగు పూసిన నీటి డబ్బాను సూర్యుడికి ఎదురుపెట్టి, నీరు ఎంత వేగంగా వేడెక్కుతోందో థర్మామీటరుతో చూశాడు. ఆ పరికరానికి పైర్‌హీలియోమీటర్ అన్న పేరు పెట్టింది కూడా అతనే. దానితో 1838లో అతను చెప్పిన సౌర స్థిరాంకం నేటి లెక్కలో దాదాపు 1228 వాట్లు. డబ్బా, నీళ్లు, థర్మామీటరు తప్ప మరేమీ లేని మనిషి అసలు విలువకు పదో వంతు తేడాలో నిలవడం చిన్న విషయం కాదు.

ఎండ ఎంత తీవ్రంగా కాసిందన్నది పక్కన పెట్టి, ఎంతసేపు కాసిందో నమోదు చేసే ఉపాయం మరోవైపు నుంచి వచ్చింది. 1853లో జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ గాజు గోళాన్ని చెక్క గిన్నెలో పెట్టి, గోళం కేంద్రీకరించిన కిరణం చెక్కను కాల్చిన గీతను చూశాడు. 1879లో జార్జి గేబ్రియల్ స్టోక్స్ చెక్క గిన్నె తీసేసి లోహపు చట్రం, అందులో రోజూ మార్చే కాగితపు అట్ట పెట్టాడు. క్యాంప్‌బెల్–స్టోక్స్ పరికరం పాత వాతావరణ కేంద్రాల్లో ఇప్పటికీ కనబడుతుంది. దానికి మూడు రకాల అట్టలు ఉంటాయి: వేసవికి పొడవైన వంపు అట్ట, చలికాలానికి పొట్టి వంపు అట్ట, విషువత్తుల చుట్టుపక్కల రోజులకు తిన్నని అట్ట. సాయంత్రం అట్ట తీసి, కాలిన గీత పొడవు చూసి ఎండ గంటలు లెక్కేస్తారు. అట్ట తడిస్తే పొద్దున్నే గీత పడదు. మబ్బులు దోబూచులాడే రోజు చిన్నచిన్న కాల్పులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కాసిన ఎండ కంటే గీత పొడవు పెరుగుతుంది. ఒకే అట్టను ఇద్దరు చదివితే రెండు సమాధానాలు రావడం మామూలే. ప్రపంచ వాతావరణ సంస్థ తర్వాత ఈ గొడవ తీర్చడానికి, నేరు వికిరణం చదరపు మీటరుకు 120 వాట్లు దాటితే దాన్ని ఎండగా లెక్కించాలని హద్దు గీసింది.

1893లో స్వీడన్‌కు చెందిన క్నూట్ ఆంగ్‌స్ట్రామ్ తెలివైన పద్ధతి ఒకటి తెచ్చాడు. రెండు పలుచని నల్లపట్టీల్లో ఒకదాన్ని ఎండకు పెట్టి, నీడలో ఉన్న రెండోదాన్ని విద్యుత్తుతో అంతే వేడెక్కిస్తే, ఖర్చయిన విద్యుత్తే ఎండ తీవ్రత. ఎండను ఎండతో పోల్చకుండా, కచ్చితంగా కొలవగల విద్యుత్తుతో పోల్చే ఈ ఆలోచనే ఈనాటి ప్రామాణిక పరికరాలకూ పునాది. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన శామ్యూల్ లాంగ్లీ, ఆయన తర్వాత చార్లెస్ గ్రీలీ అబట్ ఎత్తయిన కొండల మీద ఇలాంటి కొలతలు చేశారు. 1902 నుంచి 1957 దాకా అలా తేలిన సౌర స్థిరాంకం విలువలు 1322, 1465 వాట్ల మధ్య ఊగిసలాడాయి.

ఉపగ్రహాలు వచ్చాక కూడా ఈ ఊగిసలాట వెంటనే ఆగలేదు. 1978 నుంచి అంతరిక్షంలో వరస కొలతలు ఉన్నాయి. చాలాకాలం పుస్తకాల్లో 1365, 1367 అన్న అంకెలు నడిచాయి. 2003లో సోర్స్ ఉపగ్రహంలో వెళ్లిన కొత్త పరికరం నాలుగైదు వాట్లు తక్కువ చూపించింది. సూర్యుడు తగ్గాడా, పరికరం తప్పా అని పెద్ద చర్చ నడిచింది. పాత పరికరాల ముందు భాగంలో రంధ్రాల అమరిక వల్ల అనవసరపు కాంతి లోపలికి చెదిరి వస్తోందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. 2011లో గ్రెగ్ కాప్, జుడిత్ లీన్ 1360.8 వాట్లు అని ప్రకటించాక ఆ అంకె స్థిరపడింది.

నేల మీది కొలతలకు గడియారంలాంటిది స్విట్జర్లాండ్‌లోని దావోస్. 1907లో కార్ల్ డోర్నో అక్కడ నెలకొల్పిన అబ్జర్వేటరీ 1971 నుంచి ప్రపంచ వికిరణ కేంద్రంగా పనిచేస్తోంది. ఆంగ్‌స్ట్రామ్ ఆలోచన మీదే పనిచేసే అక్కడి కొన్ని కుహర రేడియోమీటర్ల ఉమ్మడి సగటునే ప్రపంచ వికిరణ ప్రమాణంగా తీసుకుంటారు. ఐదేళ్లకోసారి దేశదేశాల నుంచి తమ ప్రమాణ పరికరాలు పట్టుకుని నిపుణులు దావోస్ చేరి, ఒకే ఎండలో వరసగా నిలబెట్టి పోల్చుకుంటారు. మబ్బు పడితే అందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. ఇంటికి తిరిగి వెళ్లాక ఆ పరికరంతో దేశంలోని ఇతర పరికరాలను సరిచూస్తారు. మన దేశంలో ఆ బాధ్యత పుణెలోని భారత వాతావరణ శాఖ కేంద్రానిది.

పరికరం లోపల

మొత్తం వికిరణాన్ని కొలిచేది పైరనోమీటర్. చూడటానికి తెల్లని పళ్లెం మధ్య గాజు బుడగ బోర్లించినట్టు ఉంటుంది. బుడగ కింద నల్లని బిళ్ల, దాని కింద థర్మోపైల్. రెండు వేర్వేరు లోహాల అతుకుల్లో ఒకటి వేడిగా, మరొకటి చల్లగా ఉంటే విద్యుత్తు పుడుతుందని 1821లో సీబెక్ కనిపెట్టిన ధర్మమే ఇక్కడ పనిచేస్తుంది. నల్లబిళ్ల వేడెక్కుతుంది, పరికరం ఒళ్లు చల్లగా ఉంటుంది, ఆ తేడా వోల్టేజీగా బయటికి వస్తుంది. ఒక్క అతుకు ఇచ్చేది మరీ తక్కువ కాబట్టి పదుల కొద్దీ అతుకులను గొలుసు కడతారు. అయినా చదరపు మీటరుకు ఒక వాట్ ఎండకు వచ్చేది ఏడు నుంచి పద్నాలుగు మైక్రోవోల్టులే. నడిమధ్యాహ్నం కూడా తీగలో పదిహేను మిల్లీవోల్టులు దాటడం గొప్ప.

గాజు బుడగలు ఒకదానిలో ఒకటి రెండు ఉంటాయి. గాలి తగిలి నల్లబిళ్ల చల్లబడకుండా ఆపడం, ఆకాశం నుంచి వచ్చే దీర్ఘతరంగ ఉష్ణాన్ని అడ్డుకోవడం వాటి పని. సుమారు 285 నుంచి 2800 నానోమీటర్ల వరకున్న తరంగాలను గాజు లోపలికి రానిస్తుంది. రాత్రి ఆకాశం వైపు వేడిని వెదజల్లి బుడగ పరికరం ఒంటి కన్నా చల్లబడుతుంది. అప్పుడు సూర్యుడు లేకపోయినా పరికరం సున్నాకు ఒకటి నుంచి ఐదు వాట్లు తక్కువగా చూపిస్తుంది. చీకట్లో ఎండ రుణాత్మకంగా ఉండటం నవ్వు తెప్పించే సంగతే గానీ, ఆ రాత్రి విలువలే పగటి లోపాన్ని అంచనా వేయడానికి ఆధారం. వాటిని ముందే సున్నా చేసి పారేసేవాళ్లు తమ దగ్గరున్న ఆధారాన్ని తామే చెరిపేసుకుంటున్నట్టు లెక్క.

నేరు వికిరణానికి పైర్‌హీలియోమీటర్ వాడతారు. ఇది ఐదు డిగ్రీల చూపున్న గొట్టం. పొద్దుతిరుగుడు పువ్వులా రోజంతా సూర్యుడి వైపే తిరగాలి, అందుకు దాన్ని ట్రాకర్ అనే మోటారు యంత్రం మీద బిగిస్తారు. అదే ట్రాకర్‌కు ఒక చేయి బిగించి, చివర చిన్న గుండో బిళ్లో పెట్టి, రెండో పైరనోమీటర్ మీద సూర్యబింబాన్ని పూర్తిగా కప్పే నీడ పడేలా చూస్తే చెదిరిన వికిరణం దొరుకుతుంది. నేల, ఆకాశం వెదజల్లే దీర్ఘతరంగ ఉష్ణానికి పైర్‌జియోమీటర్ అనే మరో పరికరం ఉంది. చౌకలో కావాలంటే సిలికాన్ ఫోటోడయోడ్ సెన్సర్లు దొరుకుతాయి. అవి చటుక్కున స్పందిస్తాయి గానీ ఎండలోని అన్ని రంగులనూ సమానంగా చూడవు. అందుకే మబ్బు రోజు ఒకలా, నిర్మల ఆకాశం కింద మరోలా తప్పుతాయి. నాణ్యతను బట్టి ఐఎస్ఓ 9060 ప్రమాణం 2018 సవరణలో పైరనోమీటర్లను ఏ, బీ, సీ తరగతులుగా విభజించింది.

భారతదేశంలో

మన దేశంలో క్రమబద్ధమైన వికిరణ కొలత అన్నా మణి పేరుతో ముడిపడి ఉంది. 1918లో కేరళలోని పీర్మేడులో పుట్టిన ఆమె సి.వి. రామన్ దగ్గర వజ్రాలు, కెంపుల వర్ణపటాల మీద పరిశోధన చేసింది. 1945లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్లి వాతావరణ పరికరాల శాస్త్రం నేర్చుకుంది. 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరింది. అప్పటికి మనం థర్మామీటర్లు, బారోమీటర్లు కూడా దిగుమతి చేసుకుంటున్న రోజులు. ఆమె బృందం వంద దాకా పరికరాలకు నమూనా చిత్రాలు గీసి, ఇక్కడే తయారయ్యేలా చేసింది. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా దేశంలో వికిరణ కేంద్రాల వ్యవస్థను నెలకొల్పింది. తప్పు కొలత కంటే కొలత లేకపోవడమే మేలన్నది ఆమె పట్టుబట్టిన సూత్రం. 1976లో ఉద్యోగ విరమణ చేశాక కూడా ఆగలేదు. 1980లలో భారత సౌర వికిరణ డేటా మీద ఆమె వెలువరించిన రెండు గ్రంథాలు తర్వాతి తరం సౌర ఇంజనీర్లకు చేతి పుస్తకాలయ్యాయి. ఓజోన్ కొలతలు, పవన శక్తి సర్వే ఆమె ఇతర కృషి. 2001లో తిరువనంతపురంలో కన్నుమూసింది.

తెలుగు తీరంలో విశాఖపట్నం వాతావరణ శాఖ వికిరణ కేంద్రాల్లో ఒకటి. కానీ దేశం మొత్తానికి ఉన్న కేంద్రాలు కొద్దివే. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలయ్యాక వేల మెగావాట్ల మాట వచ్చేసరికి అవి చాలలేదు. రెండు కేంద్రాల మధ్య వందల కిలోమీటర్ల ఖాళీ ఉంటే బ్యాంకు అప్పు ఏ అంకె చూసి ఇవ్వాలి? అందుకని కేంద్ర నవ్య, పునరుత్పాదక ఇంధన శాఖ తరఫున చెన్నైలోని పవన శక్తి సాంకేతిక కేంద్రం 2011లో 51 కొత్త కేంద్రాలను నెలకొల్పింది. ఈ సంస్థే ఇప్పటి జాతీయ పవన శక్తి సంస్థ. అన్నిటికన్నా ఎక్కువ కేంద్రాలు రాజస్థాన్, గుజరాత్‌లకు వెళ్లాయి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ వాటా దక్కింది. తర్వాతి విడతలో వాటి సంఖ్య వంద దాటింది. ఒక్కో కేంద్రంలో రెండు స్తంభాలు. మనిషి ఛాతీ ఎత్తున, అంటే మీటరున్నర స్తంభం మీద ట్రాకర్, వికిరణ పరికరాలు. ఆరు మీటర్ల స్తంభం మీద గాలి, తేమ, ఉష్ణోగ్రత వంటివి కొలిచేవి. కేంద్రానికి కావలసిన కరెంటును అక్కడి చిన్న సౌర ఫలకమే ఇస్తుంది. డేటా మొబైల్ నెట్‌వర్క్ ద్వారా చెన్నై చేరుతుంది. తిరువళ్లూరు, గురుగ్రామ్, హౌరా కేంద్రాలు అంతర్జాతీయ ప్రామాణిక భూతల వికిరణ వ్యవస్థలోనూ చేరాయి. 1992లో మొదలైన ఆ వ్యవస్థనే బీఎస్ఆర్ఎన్ అంటారు. సెకనుకొకసారి చూసి నిమిషానికొక సగటు రాయడం దాని నియమం. డేటా భాండాగారం జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థలో ఉంది.

గుడ్డ, నీటిమట్టం, లాగ్‌బుక్

పరికరాల బ్రోషర్లలో రాయని పని ఒకటుంది, డేటా నాణ్యతను తేల్చేది చాలావరకు అదే. పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఒక మనిషి వెళ్లి బుడగను మెత్తటి గుడ్డతో తుడవాలి. మంచు బిందువులుంటే అద్దాలి తప్ప రుద్దకూడదు. పరికరం అంచున ఉన్న చిన్న నీటిమట్టంలో బుడగ నడిమధ్య ఉందో లేదో చూడాలి. ఒక డిగ్రీ వాలినా పొద్దుటి విలువలు ఒక పక్కకు, సాయంత్రపు విలువలు ఇంకో పక్కకు ఒరుగుతాయి. లోపలి తేమను పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారితే మార్చాలి. పైర్‌హీలియోమీటర్ ముందు రంధ్రం గుండా వచ్చే వెలుగు చుక్క గురిబిళ్ల మధ్యలో పడుతోందా చూడాలి. పిట్ట రెట్ట, సాలీడు గూడు, ఉడత కొరికిన తీగ, పక్క పొలంలో ఏడాదిలో ఏపుగా పెరిగిన చెట్టు కూడా చూసుకోవాలి. చూసింది చూసినట్టు వేళతో సహా లాగ్‌బుక్‌లో రాయాలి.

దుమ్ము అన్ని పరికరాలనూ ఒకేలా బాధించదు. పైరనోమీటర్ బుడగ మీది దుమ్ము చెదరగొట్టిన వెలుగులో ఎక్కువ భాగం ముందుకే పోయి నల్లబిళ్లను చేరుతుంది. పైర్‌హీలియోమీటర్ చూపు ఐదు డిగ్రీలే కాబట్టి చెదిరిన వెలుగు చూపులోంచి తప్పిపోతుంది. అందుకే ఒకే దుమ్ముకు పైర్‌హీలియోమీటర్ ఎక్కువ నష్టపోతుంది. రోజూ తుడిచే మనిషిని పెట్టలేని మారుమూల చోట, ఖరీదైన ట్రాకర్ కంటే కదిలే భాగాలు తక్కువున్న మామూలు పరికరమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

లాగర్ నుంచి పట్టికకు

పరికరాల సంకేతాలను నమోదు చేసే డేటా లాగర్ దగ్గరికి చేరేది మైక్రోవోల్టుల వరస. ప్రతి పరికరానికీ తయారీదారు ఇచ్చిన సున్నితత్వపు అంకె ఉంటుంది. అది చదరపు మీటరు వాట్‌కు 8.62 మైక్రోవోల్టులు అనుకుందాం. లాగర్ 7240 మైక్రోవోల్టులు చూపిస్తే, భాగించగా వచ్చేది 840 వాట్లు. పరికరాన్ని మార్చి, లాగర్‌లో పాత పరికరపు అంకెను అలాగే వదిలేస్తే? నెలల తరబడి ప్రతి విలువా నాలుగైదు శాతం తప్పుతుంది, అయినా గీత అందంగానే ఉంటుంది. అందుకే మూల వోల్టేజీని కూడా దాచిపెట్టాలన్నది మంచి అలవాటు. వాట్లు మాత్రమే దాస్తే తర్వాత దిద్దుకోవడం కష్టం.

తర్వాతి చిక్కు గడియారంతో. మన దేశమంతా 82.5 డిగ్రీల రేఖాంశం మీది వేళ పాటిస్తుంది. హైదరాబాదు 78.5 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు సగటున పదహారు నిమిషాలు ఆలస్యం, విశాఖలో మూడు నిమిషాలు ముందు. దీనికి తోడు భూమి కక్ష్య, వాలు వల్ల సూర్యగడియారానికీ చేతిగడియారానికీ ఏడాది పొడవునా తేడా మారుతూ ఉంటుంది. రెండూ కలిపితే హైదరాబాదులో సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకు చేరే వేళ ఫిబ్రవరి మధ్యలో దాదాపు 12:30, నవంబరు మొదట్లో దాదాపు 12:00. లాగర్ వేళ తప్పితే దాన్ని పట్టించేది కూడా ఇదే: మబ్బులేని రోజు గీత గీస్తే, శిఖరం ఉండాల్సిన చోట లేకుండా పక్కకు జరిగి కనబడుతుంది. 10:10 అని రాసిన సగటు 10:00 నుంచి 10:10 దాకానా, 10:10 నుంచి 10:20 దాకానా అన్న చిన్న అనుమానం కూడా ముదిరితే పెద్ద తప్పులకు దారితీస్తుంది. ఫైలు మొదటి వరసలోనే ఆ సంగతి రాసేస్తే పీడా విరగడవుతుంది.

శుద్ధిలో మొదటి జల్లెడ భౌతిక హద్దులది. చార్లెస్ లాంగ్, ఎల్స్‌వర్త్ డటన్ బీఎస్ఆర్ఎన్ కోసం రాసిన పరీక్షల ప్రకారం మొత్తం వికిరణం మైనస్ నాలుగు వాట్ల కంటే దిగకూడదు. పైహద్దు సూర్యుడి ఎత్తుతో పాటు మారుతుంది. నేరు వికిరణం ఆ రోజు వాతావరణం పైఅంచున పడేదాన్ని మించడం అసాధ్యం. రెండో జల్లెడ ముందు చెప్పిన సూత్రానిది. సూర్యుడు నడినెత్తి నుంచి 40 డిగ్రీలు వాలి ఉన్నాడనుకుందాం, కొసైన్ 0.766. నేరు వికిరణం 780, చెదిరినది 165 అయితే మొత్తం 762 రావాలి. పైరనోమీటర్ 748 చూపిస్తే తేడా రెండు శాతం, పర్వాలేదు. 650 చూపిస్తే పదిహేను శాతం. సూర్యుడు ఎత్తున ఉన్నప్పుడు ఈ పరీక్ష అనుమతించే హద్దు ఎనిమిది శాతమే కాబట్టి ఏదో ఒక పరికరం తప్పు చెబుతోంది. ఏదన్నది మాత్రం సూత్రం చెప్పదు.

ఈ జల్లెడకు ఒక పెద్ద చిల్లు ఉంది. ట్రాకర్ ఆగిపోయిందనుకుందాం. పైర్‌హీలియోమీటర్ ఖాళీ ఆకాశాన్ని చూస్తూ దాదాపు సున్నా చూపిస్తుంది. నీడ వేసే గుండు పక్కకు తప్పిపోవడంతో రెండో పైరనోమీటర్ మీద పూర్తి ఎండ పడుతుంది, అంటే చెదిరినది మొత్తానికి సమానం. సున్నా కలుపు మొత్తం అంటే మొత్తమే! సూత్రం తు.చ. తప్పకుండా సరిపోతుంది, పరీక్ష పాసవుతుంది, పట్టికలో ఆ రోజు దట్టంగా మబ్బు పట్టినట్టు నమోదవుతుంది. మబ్బు రోజున మొత్తం వికిరణం అంత నునుపైన గంట ఆకారంలో, అంత ఎత్తున ఉండదని గీత చూసిన మనిషికి చప్పున తెలుస్తుంది. అందుకే నిర్మల ఆకాశపు అంచనాతో పోల్చే మరో పరీక్షను తర్వాత చేర్చారు. అయినా రోజుకో గీత కంటితో చూడటాన్ని పూర్తిగా మానుకున్న కేంద్రం ఏదో ఒక రోజు చిక్కులో పడుతుంది.

తప్పని తేలిన విలువను చెరిపేయకూడదు, పక్కన గుర్తు పెట్టాలి. మూల ఫైలు ఒకటి, గుర్తులు పెట్టినది ఒకటి, ఖాళీలు పూరించినది ఇంకొకటి, ఇలా మూడు అంచెలు విడివిడిగా ఉండాలి. కొన్ని నిమిషాల ఖాళీని అటూ ఇటూ విలువల మధ్య గీత గీసి నింపొచ్చు. గంటలు దాటితే, నిర్మల ఆకాశంలో ఉండాల్సిన దానిలో ఎన్నో వంతు వస్తోందన్న నిష్పత్తిని వాడతారు. రోజులు దాటితే ఉపగ్రహ అంచనాలే దిక్కు.

వికిరణ పరికరమే లేని చోట పాత ఎండ గంటల అట్టలు అక్కరకొస్తాయి. 1924లో ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ ప్రతిపాదించి, 1940లో ప్రెస్కాట్ సవరించిన సమీకరణం ఎండ గంటల నుంచి రోజువారీ వికిరణాన్ని అంచనా వేస్తుంది. పంట నీటి అవసరాలపై ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలు స్థానిక విలువలు లేనప్పుడు ఇందులో 0.25, 0.50 గుణకాలు వాడమంటాయి. ఈ ఆండర్స్, మీద చెప్పుకున్న క్నూట్ కొడుకే.

పైనుంచి చూస్తే

ఉపగ్రహం వికిరణాన్ని నేరుగా కొలవదు. మబ్బు తెల్లగా, నేల నల్లగా కనబడుతుంది కాబట్టి, చిత్రంలోని మెరుపును బట్టి ఎంత మబ్బు ఉందో, దాన్ని బట్టి కిందికి ఎంత దిగి ఉంటుందో ఊహిస్తారు. 1986లో ఫ్రాన్స్‌లో రూపొందిన హీలియోశాట్ పద్ధతి ఈ ఆలోచనకు మూలం. మన ఇన్సాట్–3డీ 2013లో కక్ష్యకు చేరింది, దాని చిత్రాల నుంచీ ఇలాంటి అంచనాలు తీశారు. దేశమంతటా ఖాళీలేని పటం, పాతికేళ్ల వరస దొరకడం దీని లాభం. నెలవారీ సగటుల్లో ఇది బాగానే నిలుస్తుంది. గంటవారీ విలువల్లో, ముఖ్యంగా ధూళి ఎక్కువున్న రోజుల్లో నేరు వికిరణం దగ్గర తడబడుతుంది. అందుకే పెద్ద ప్రాజెక్టుల్లో ఒక ఏడాది నేల మీద కొలిచి, ఆ కొలతతో ఉపగ్రహపు దీర్ఘ వరసను సరిదిద్దుతారు. ఆ వరస నుంచి నెలకొక ప్రతినిధి నెలను ఏరి కుట్టిన కల్పిత సంవత్సరం మీద ఉత్పత్తి లెక్కలు వేస్తారు. ఈ కుట్టుపని పద్ధతి అమెరికాలో సాండియా ప్రయోగశాల 1978లో రూపొందించింది. అప్పు ఇచ్చేవాళ్లకు సగటు ఏడాది చాలదు. పదేళ్లలో తొమ్మిదేళ్లు దాటుతుందని అంచనా వేసే అంకె కావాలి, దాన్నే పీ90 అంటారు. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గరి 1000 మెగావాట్ల సౌర పార్కులాంటి చోట ఒక శాతం తేడా అంటే ఏటా పది మెగావాట్ల ఫలకాలు ఇచ్చేంత కరెంటు.

గాలి సంగతి

ఎండ ఎక్కడ తగ్గిందో తెలిశాక ఎందుకు తగ్గిందన్న ప్రశ్న వస్తుంది. దానికి సన్ ఫోటోమీటర్ కావాలి. అది కొన్ని ఎంచిన రంగుల్లో సూర్యుణ్ని చూస్తుంది. పొద్దుటి నుంచి సూర్యుడు పైకెక్కేకొద్దీ కిరణం దాటాల్సిన గాలి మందం తగ్గుతుంది. మందానికీ, తీవ్రత లాగరిథమ్‌కూ గీత గీసి, గాలే లేని చోట ఎంత ఉండేదో వెనక్కి లెక్కగట్టడం లాంగ్లీ పద్ధతి. దాన్నుంచి ధూళి ఎంత దట్టంగా ఉందో తేలుతుంది. 1993లో నాసా మొదలుపెట్టిన ఏరోనెట్ అనే సన్ ఫోటోమీటర్ల వ్యవస్థలో కాన్పూర్ 2001 నుంచి ఉంది. ఇస్రో ధూళి కణాల పరిశీలన వ్యవస్థలో విశాఖపట్నం, హైదరాబాదు, అనంతపురం ఉన్నాయి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తోనూ, లైడార్‌తోనూ గాలి పొరలను నిలువునా చదువుతుంది. హైదరాబాదు, విశాఖ వాతావరణ కేంద్రాల నుంచి రేడియోసోండ్ బెలూన్లు ఎగురుతాయి. ప్రపంచమంతటా ఒకే వేళకు, మన గడియారం ప్రకారం ఉదయం, సాయంత్రం 5:30కి లెక్క కుదిరేలా వదలడం ఆనవాయితీ.

హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958లో మొదలైన గాలి పారదర్శకత వరసలో 1963లో అగుంగ్, 1982లో ఎల్ చిచోన్, 1991లో పినటుబో అగ్నిపర్వతాలు పేలిన ఆనవాళ్లు గీతలో గుంటలు పడ్డట్టు స్పష్టంగా కనబడతాయి.

దశాబ్దాల వరసలు

1964 నుంచి లెనిన్‌గ్రాడ్‌లో, అంటే నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఉన్న ప్రపంచ వికిరణ డేటా కేంద్రం దేశదేశాల విలువలను భద్రపరుస్తోంది. అలాంటి వరసలను వెనక్కి తిరగేస్తే 1950ల నుంచి 1980ల దాకా చాలాచోట్ల నేలకు చేరే ఎండ తగ్గిందని, ఆ తర్వాత యూరప్‌లోనూ అమెరికాలోనూ మళ్లీ పుంజుకుందని అత్సుము ఓమురా, జెరాల్డ్ స్టాన్‌హిల్, మార్టిన్ విల్డ్ వంటివారు చూపించారు. భారత వాతావరణ శాఖకు చెందిన పన్నెండు కేంద్రాల 1981–2004 విలువలు చూస్తే మన దగ్గర ఆ పుంజుకోవడం లేదు, తగ్గుదలే సాగింది. మబ్బులతో పాటు గాలిలోని మసి, ధూళిని ఇందుకు కారణంగా చెబుతారు.

ఈ తగ్గుదల దశాబ్దానికి కొద్ది శాతమే. మంచి పైరనోమీటర్ సున్నితత్వం కూడా ఏడాదికి అర శాతం దాకా జారుతుంది, నల్లబిళ్ల రంగు వెలిసే కొద్దీ. మళ్లీ సరిచూడకుండా వదిలేస్తే పదేళ్లలో అది ఐదు శాతం, అంటే వెతుకుతున్న మార్పు కంటే పరికరం సొంత మార్పే పెద్దది. కాబట్టి ఇలాంటి వరస చేతికొచ్చిన పరిశోధకుడు ముందు పాత సరిచూపు పత్రాలు తీయించి, ఏ నెలలో ఏ పరికరం మారిందో, ఏ అంకెతో భాగించారో పట్టిక వేసుకుంటాడు. ఆకాశం గురించిన మాట ఆ తర్వాతే.